ఇంటి మాటే తొలి బడి: పిల్లలు భాష ఎలా నేర్చుకుంటారు?

మన ఇళ్లలో బిడ్డకు నాలుగు సంవత్సరాల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చేయించే ఆనవాయితీ ఉంది. కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలహారం వేసి, మౌల్వీ సాహెబ్ ఎదుట కూర్చోబెట్టి తొలి పాఠం పలికిస్తారు. బంధువులకు మిఠాయి పంచుతారు. చదువు ఆ రోజు మొదలైనట్టు అందరి లెక్క.

అక్షరాల చదువుకు అది మొదలే. మాటల చదువు మాత్రం అప్పటికే చాలా దూరం నడిచి ఉంటుంది. నాలుగేళ్ల పిల్ల "నిన్న దాదీ వచ్చింది, రేపు పోతదట, నేను పోనియ్య" అంటుంది. జరిగిపోయిన కాలం, రాబోయే కాలం, ఎవరు వచ్చారు, ఎవరు వద్దంటున్నారు, ఎవరో చెప్పగా విన్న సంగతి ఏది, ఇవన్నీ ఆ చిన్న మాటలో సరిగ్గా కుదిరాయి. ఆ పిల్లకు వ్యాకరణం ఎవరూ చెప్పలేదు. మరి ఎలా వచ్చింది?

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఈ ప్రశ్న మనకు మరీ అవసరం. ఇక్కడ ఇంటి భాష ఒకటి, వీధి భాష ఒకటి, బడి భాష మరొకటి. ఇంటి భాష మాన్పిస్తే బడి భాష తొందరగా వస్తుందని నమ్మి, మంచి చేయబోయి పిల్లల నోరు కట్టేస్తున్న తల్లిదండ్రులు మనలో తక్కువేమీ లేరు. పిల్లలకు మాట ఎలా వస్తుందో తెలుసుకుంటే ఆ నమ్మకం ఎంత దూరం నిలుస్తుందో మనకే తెలుస్తుంది.

చెవి ముందు, నోరు తర్వాత

గర్భంలో ఆరో నెల దాటేసరికి శిశువు చెవి పనిచేయడం మొదలవుతుంది. బయటి మాటలు విడివిడిగా వినిపించకపోయినా తల్లి గొంతులోని లయ, ఎత్తుపల్లాలు చేరుతూనే ఉంటాయి. పుట్టిన మూడు రోజుల్లోపు పిల్లలు కూడా పరాయి గొంతు కంటే తల్లి గొంతునే కోరుకుంటారని 1980లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో తేలింది. బిడ్డ పుట్టగానే మనం కుడి చెవిలో అజాన్, ఎడమ చెవిలో ఇఖామత్ వినిపిస్తాం. బిడ్డ నోటి నుంచి తొలి మాట రావడానికి ఏడాది ముందే చెవికి మాట అందించే ఆచారం మనది.

తెలుగులో 'త'కూ 'ట'కూ తేడా ఉంది. ఉర్దూలోనూ, హిందీలోనూ ఉంది. ఇంగ్లీషులో ఆ తేడాకు పని లేదు. 1984లో కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రజ్ఞులు హిందీలోని ఈ రెండు ధ్వనులను ఇంగ్లీషు ఇళ్లలోని పసిపిల్లలకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసు పిల్లలు తేడా పసిగట్టారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామందికి ఆ తేడా వినిపించకుండా పోయింది. హిందీ వినే పిల్లల్లో మాత్రం ఆ శక్తి నిలిచింది. అంటే అన్ని భాషల ధ్వనులకూ చెవి తెరుచుకునే పిల్లలు పుడతారు. తమ చుట్టూ వినిపించే భాషకు ఏడాదిలోపే ఆ చెవిని సానబట్టుకుంటారు.

ఇంకో చిక్కు ఉంది. మనం మాట్లాడేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలం. "అమ్మమ్మదగ్గరికిపోదాంపా" అని ఒకే ఊపులో అనేస్తాం. ఎక్కడ ఒక మాట ముగిసి ఇంకోటి మొదలైందో పసిబిడ్డకు ఎలా తెలియాలి? ఎనిమిది నెలల పిల్లలకు అర్థం లేని ధ్వనుల వరుసను రెండు నిమిషాలు వినిపించి చూస్తే, ఏ ధ్వని తర్వాత ఏది తరచుగా వస్తోందో పట్టుకుని మాటల హద్దులు గుర్తించారని 1996లో మరో పరిశోధన చూపింది. ఒళ్లో పడుకుని ఊరికే చూస్తున్నట్టుండే బిడ్డ లోపల ఇంత లెక్క జరుగుతోంది.

ఆ తర్వాతి మెట్లు ప్రతి తల్లికీ తెలిసినవే. రెండు మూడు నెలలకు ఉంగా ఉంగా అంటుంది. ఆరేడు నెలలకు బాబాబా, దాదాదా మొదలవుతుంది. ఏడాది అటూ ఇటూ తొలి మాట వస్తుంది. రెండేళ్లు నిండేలోపు రెండు మాటలు కలుపుతుంది. ఆ తొలి మాటల్లో అమ్మ, అబ్బా, దాదా, మామా, తాత ఉండటానికి కారణం ఉంది. పెదవులు కలిపి, నాలుకను పంటికి తగిలించి పలికే తేలిక ధ్వనులు అవి. బిడ్డ నోటికి ముందుగా వచ్చే ధ్వనులనే చాలా భాషల వాళ్లు తమ దగ్గరివాళ్ల పేర్లుగా చేసుకున్నారు.

తప్పులో కనిపించే తెలివి

పిల్లలు మనం అన్నదాన్ని చిలకల్లా తిరిగి అంటారని చాలామంది అనుకుంటారు. అదే నిజమైతే మనం ఎన్నడూ అనని మాటలు వాళ్ల నోట రాకూడదు. మూడేళ్ల పిల్లవాడు "రెండు ఇల్లులు" అంటాడు. ఇంట్లో ఎవరూ అలా అనరు. అందరూ "ఇళ్లు" అంటారు. బొమ్మలు, కథలు, చెట్లు, పూలు విని, చివర 'లు' చేరిస్తే ఎక్కువ అవుతాయని ఆ పిల్లవాడు తనకు తానే ఒక నియమం కట్టుకున్నాడు. ఆ నియమాన్ని ఇల్లుకు కూడా తగిలించాడు.

1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు పిల్లలకు ఎక్కడా లేని ఒక జంతువు బొమ్మ గీసి చూపి, దాని పేరు 'వగ్' అని చెప్పింది. తర్వాత అలాంటివే రెండు బొమ్మలు చూపి ఇవేమిటని అడిగింది. పిల్లలు అంతకుముందు ఎన్నడూ వినని ఆ పేరుకు తామే బహువచనం చేసి చెప్పారు. విన్నది అప్పజెప్పడం కాదది. విన్నదాని వెనక ఉన్న పద్ధతిని పట్టుకోవడం.

కాబట్టి "ఇల్లులు" అన్న పిల్లవాడిని వెక్కిరించకూడదు, పదిసార్లు అనిపించకూడదు. "అవును బేటా, రెండు ఇళ్లు ఉన్నాయి. ఏది పెద్దది?" అని మాట ముందుకు నడిపితే చాలు. సరైన రూపం చెవిన పడుతుంది. తాను చెప్పిన సంగతి ఇంట్లో పెద్దలు విన్నారన్న ధైర్యమూ మిగులుతుంది. పిల్లలకు సొంత గొంతు ఇలాంటి చోటే మొదలవుతుంది.

మూడు భాషలు మోయగలరా?

కరీంనగర్‌లో ఒక ముస్లిం ఇంటి పిల్లను చూడండి. అమ్మీతో దక్కనీ ఉర్దూ, పక్కింటి పిల్లలతో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మక్తబ్‌లో అరబీ అక్షరాలు. ఆదిలాబాద్ వైపు వెళితే మరాఠీ, గోండి, కోలామి, లంబాడీ కూడా ఇంటి భాషలుగా ఉన్నాయి. ఇన్ని భాషల మధ్య పిల్లలు తికమకపడి మాట ఆలస్యమవుతుందని కొందరు భయపడతారు. "ఒక్క భాషలోనే మాట్లాడండి" అని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

ఆ భయానికి ఆధారం లేదు. రెండు భాషల మధ్య పెరిగినంత మాత్రాన మాట రాకుండా పోదు. అలాంటి పిల్లలకు ఒక్కో భాషలో వచ్చిన మాటలు కొంచెం తక్కువగా కనిపించవచ్చు. రెండు భాషల మాటలూ కలిపి లెక్కేస్తే తోటి పిల్లలతో సమానంగానే ఉంటాయి. "పానీ తాగుత" అని కలిపి మాట్లాడటం చూసి దిగులు పడనక్కర్లేదు. దగ్గర ఉన్న మాటతో పని గడుపుకోవడమే అది. మూడు నాలుగేళ్లు వచ్చేసరికి దాదీతో ఏ భాష మాట్లాడాలో, పక్కింటి అక్కతో ఏది మాట్లాడాలో పిల్లలకు బాగా తెలిసిపోతుంది. మనుషుల భాషలు వేర్వేరుగా ఉండటాన్ని సూరా రూమ్ అల్లాహ్ సూచనల్లో ఒకటిగా చెప్పింది. ఎన్నో భాషల మధ్య పుట్టడం మన పిల్లలకు దక్కిన భాగ్యమని అనుకోవచ్చు.

కష్టం వచ్చేది ఇంకో చోట. ఉర్దూలో 'ళ' లేదు. దక్కనీ ఇంటి పిల్లవాడు బడిలో "సార్, నా కల్లు మండుతున్నయి" అంటాడు. తరగతి అంతా ఘొల్లున నవ్వుతుంది. పిల్లవాడు చెప్పాలనుకున్నది కళ్ల మంట గురించి. తరగతికి వినిపించింది ఈత కల్లు. ఉపాధ్యాయుడు కూడా నవ్వితే ఆ పిల్లవాడు మరుసటి రోజు నుంచి తెలుగు వాచకం పైకి చదవడు. ఇటు "ఖ", "జ" నుక్తాతో పలకలేని తెలుగు ఇంటి పిల్లకు ఉర్దూ మాటల దగ్గర ఎదురయ్యే నవ్వూ ఇలాంటిదే. ధ్వని తేడా కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. నవ్వుతో మూసుకుపోయిన నోరు తెరుచుకోవడానికి సంవత్సరాలు పడుతుంది.

దక్కనీ చెడిపోయిన ఉర్దూ కాదు

మన ఇళ్లలో మాట్లాడేది "గలత్ ఉర్దూ" అని మన పిల్లలకు మనమే చెబుతుంటాం. అందులో నిజం లేదు. హైదరాబాద్ నగరాన్ని 1591లో నెలకొల్పిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది దక్కనీలోనే. దక్కన్ సూఫీల సంప్రదాయంలో స్త్రీలు తిరగలి తిప్పుతూ పాడుకునే చక్కీనామాలు, బిడ్డను ఊపుతూ పాడే లోరీనామాలు ఈ భాషలోనే పుట్టాయి. దీన్ మాటలు ఇంటి ఆడవాళ్లకూ, వాళ్ల ఒళ్లోని పిల్లలకూ చేరిన దారుల్లో అదొకటి.

దక్కనీకి తనదైన పద్ధతి ఉంది. బాత్ అంటే ఒకటి, బాతాం అంటే చాలా. 'నక్కో' మరాఠీ నుంచి వచ్చింది. "కల్ ఆతుం బోల్కే బోల్యా" అన్న వాక్యాన్ని తెలుగులో పెట్టి చూడండి: "రేపు వస్తానని చెప్పాడు." తెలుగులో 'అని' ఎక్కడ ఉందో దక్కనీలో 'బోల్కే' సరిగ్గా అక్కడే కూర్చుంది. కితాబీ ఉర్దూలో ఈ వాక్యం వరుసే వేరు. శతాబ్దాలుగా తెలుగువాళ్ల పక్కన బతికిన భాష తెలుగు నడకను తనలో కలుపుకుంది. తెలంగాణ తెలుగు కూడా అలాగే జర, జల్ది, పరేషాన్, దవాఖాన, సడక్, నౌకరి అనే మాటలను తనవి చేసుకుంది. దక్కనీ బాగా వచ్చిన పిల్లకు తెలుగు వాక్యం సగం తెలిసినట్టే. ఆ సంగతి పిల్లకు చెప్పేవాళ్లు కావాలి.

మన నేల చెప్పిన రెండు పాఠాలు

ఇంటి భాషతో మొదలుపెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. నిజాం పాలనలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పవచ్చని అది దేశానికి చూపింది. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లకు అది మేలు. అదే ఉర్దూ ఊరి బడుల్లో తెలుగు, మరాఠీ, గోండి ఇళ్ల పిల్లలకు బరువయ్యింది. ఈ రెండు సంగతులనూ కలిపి చూస్తేనే పాఠం అర్థమవుతుంది.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితి తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. ఇప్పటి కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని మార్లవాయిలో ఆయన ఉన్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. మరాఠీ కొంత చదువుకున్న గోండు యువకులకే శిక్షణ ఇచ్చి పంతుళ్లను చేశారు. పిల్లలకు అర్థమయ్యే భాషలో అక్షరం ముందు వచ్చింది, మిగతా భాషలు తర్వాత వచ్చాయి. తరువాతి దశాబ్దాల్లో ఆ పద్ధతి నిలవలేదు. మళ్లీ 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గోండి, కోలామి సహా ఎనిమిది ఆదివాసీ భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది. నార్నూర్ మండలం గుంజాలలో వెలుగుచూసిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది.

రెండో పాఠం పాత కరీంనగర్ జిల్లా హనుమాజీపేటది. 1931లో అక్కడ పుట్టిన సింగిరెడ్డి నారాయణరెడ్డి చదువు చాలావరకు ఉర్దూ మాధ్యమంలో సాగింది. ఇంట్లో, ఊళ్లో మాత్రం తెలుగే. హరికథలు, జంగం కథలు, జానపదుల పాటలు చిన్ననాడే ఆయన చెవిన పడ్డాయి. పరాయి మాధ్యమంలో చదివినా ఇంటి తెలుగు నిండుగా ఉండటం వల్ల అది చెదరలేదు; ఉర్దూ తోడై గజల్‌ను తెలుగులోకి తెచ్చుకునేలా చేసింది. 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం సినారెకు వచ్చింది.

మన వాళ్లలోనూ ఇలాంటిదే జరిగింది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథల సంకలనం వచ్చినప్పుడు తెలుగు ముస్లిం రచయితలు ఇంటి దక్కనీ మాటలను దాచకుండా తెలుగులోనే రాశారు. అమ్మీ, దాదీ మాటలు ఉన్నందువల్ల ఆ తెలుగు తగ్గలేదు. అంతకుముందు తెలుగు పాఠకుడికి పెద్దగా తెలియని ఇళ్ల లోపలి బతుకు వినిపించింది. సొంత గొంతు అంటే అదే.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఎ అధికరణం చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన ఉండాలంది. 2017లో ఉర్దూ తెలంగాణ మొత్తానికి రెండో అధికార భాష అయ్యింది. ఇంగ్లీషు మాధ్యమం అవసరం మనకు తెలుసు. మైనారిటీ గురుకులాలు కూడా ఆ మాధ్యమంలోనే నడుస్తున్నాయి. అయితే అయిదో తరగతిలో గురుకులంలో చేరే పిల్ల తన వెంట తీసుకుపోయేది ఇంట్లో పదేళ్లు నిండిన భాషనే. దాని మీదే ఇంగ్లీషు నిలబడాలి.

మాటకు జవాబు కావాలి

ఏడుస్తున్న బిడ్డ చేతిలో ఫోను పెడితే మాటలు నేర్చుకుంటుందని కొందరి ఆశ. 2003లో ప్యాట్రిషియా కూల్ బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించింది. ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన మనిషి దగ్గర పిల్లలు ఆ భాష ధ్వనులు నేర్చుకున్నారు. అదే మనిషిని టీవీలో చూపిస్తే ఏమీ నేర్చుకోలేదు. తెర మాట్లాడుతుంది గాని బిడ్డ అన్నదానికి జవాబు ఇవ్వదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి గల్ఫ్ పోయిన తండ్రులు ఎందరో ఉన్నారు. వాళ్లకు ఒక మంచి కబురు. రెండు రెండున్నరేళ్ల పిల్లలు వీడియో కాల్‌లో ఎదుటి మనిషి తమ మాటకు వెంటనే జవాబిస్తే కొత్త మాటలు నేర్చుకోగలరని 2014లో వచ్చిన పరిశోధన చెప్పింది. కాబట్టి దుబాయ్ నుంచి ఫోను చేసే అబ్బా "తిన్నావా, పడుకున్నావా" దగ్గర ఆగకుండా "ఈ రోజు మేక ఏం చేసింది? చూపించు" అని అడిగితే బిడ్డ మాటలో ఆయన పాలూ ఉంటుంది. బీడీలు చుడుతూ చేతులు ఖాళీ లేని తల్లి కూడా నోటితో బిడ్డతో మాట్లాడుతూనే ఉండవచ్చు. ఆకు కత్తిరించడం, తంబాకు లెక్క, దారం రంగు, అన్నీ మాటలే.

మాట రాకపోతే

రెండేళ్లు వచ్చినా రెండు మాటలు కలపని బిడ్డను చూసి "మగపిల్లలు ఆలస్యంగా మాట్లాడతారు", "వాళ్ల తాత కూడా ఇంతే" అని రోజులు గడపకూడదు. ఏడాది నిండినా బాబా, దాదా అనకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా ముందు చెవి పరీక్ష చేయించాలి. వినికిడి లోపం పుట్టిన నెలలోపు పరీక్షలో పట్టుబడాలి, మూడు నెలల్లోపు నిర్ధారణ కావాలి, ఆరు నెలల్లోపు సాయం మొదలవ్వాలి అన్నది ప్రపంచమంతా వైద్యులు పెట్టుకున్న లెక్క. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగే కుటుంబాలు, ఏ మతం వాళ్లైనా, ఈ పరీక్షను అసలు వాయిదా వేయకూడదు. చెవి కారుతుంటే నూనె పోయడం మానాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చి పిల్లలను ఉచితంగా చూస్తాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినలేని పిల్లలకు సైగల భాష కూడా పూర్తి భాషే. ఏ భాషా అందకుండా బిడ్డను అయిదారేళ్లు వదిలేయడమే అసలు నష్టం.

మనం చేయదగినవి

ఇంట్లో: మీకు బాగా వచ్చిన భాషలోనే బిడ్డతో మాట్లాడండి. వచ్చీరాని ఇంగ్లీషులో "కమ్, ఈట్, స్లీప్" అంటే బిడ్డకు మూడు మాటలే దొరుకుతాయి. మీ భాషలో అయితే కథ, సామెత, వేళాకోళం, బుజ్జగింపు అన్నీ దొరుకుతాయి.

మక్తబ్‌లో: పారా చదివించాక పది నిమిషాలు పిల్లల చేత మాట్లాడించండి. ప్రవక్తల గాథ ఒకటి చెప్పి, దాన్ని తిరిగి తమ మాటల్లో చెప్పమనండి. దక్కనీలో చెప్పినా, తెలుగులో చెప్పినా మెచ్చుకోండి.

బడిలో: ఉచ్చారణ తప్పును నలుగురిలో ఎత్తిచూపకండి. ఇంటి భాషలో అడిగిన ప్రశ్నను కూడా ప్రశ్నగానే తీసుకోండి.

సేవా సంస్థల్లో: ఫీజులు, పుస్తకాలు, బట్టలు ఇస్తూనే ఉన్నాం. వాటితోపాటు చిన్నపిల్లల చెవి పరీక్షలకు శిబిరం పెట్టవచ్చు. మొహల్లాలో ఉర్దూ, తెలుగు బొమ్మల పుస్తకాలతో ఒక అల్మారా ఏర్పాటు చేసి, కథలు చెప్పగలిగిన నానీలనూ దాదీలనూ వారానికి ఒక సాయంత్రం పిలవవచ్చు. వీటికి పెద్ద ఖర్చు లేదు.

ఈ సంచిక మీ చేతికి అందిన రోజే మొదలుపెట్టవచ్చు. ఇషా నమాజు అయ్యాక ఫోను పక్కన పెట్టి, ఈ రోజు ఏం జరిగిందో చెప్పమని మీ పిల్లలను అడగండి. ఏ భాషలో చెప్పినా, ఎన్ని తప్పులతో చెప్పినా, మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా వినండి.